వాగ్దానం లేని నోట్లు: పాత ప్రకటన నోట్లను గుర్తించడం, విలువ కట్టడం

కాగితపు ద్రవ్య చరిత్ర – 9వ భాగం

పంతొమ్మిదో శతాబ్ది తొలి అర్ధభాగంలో అమెరికా రాష్ట్రాల బ్యాంకులు ఎవరికి వారు నోట్లు అచ్చువేసుకున్న తీరూ, ఆ బ్యాంకులు మూతపడినప్పుడు నోట్లు పట్టుకున్నవారు నిండా మునిగిన వైనమూ గత భాగంలో చర్చకు వచ్చాయి. చెల్లుబాటు పోయినంత మాత్రాన ఆ నోట్ల కథ ముగియలేదు. బ్యాంకు గోదాముల్లో మిగిలిపోయిన కాగితాలను వర్తకులు చౌకగా కొని, ఖాళీగా ఉన్న వెనుక వైపు తమ సరుకుల వివరాలు అచ్చువేయించి కరపత్రాలుగా పంచారు. అటువంటి కాగితం దొరకని చోట, బ్యాంకు నోటును పోలిన కాగితాన్ని కొత్తగా చెక్కించి మరీ పంచారు. ఈ రెండు రకాలనూ కలిపి సేకర్తలు ‘ప్రకటన నోట్లు’ అంటారు.

బ్యాంకు నోటు మౌలికంగా ఒక ప్రోనోటు. దాన్ని తెచ్చి ఇచ్చినవారికి ఇంత సొమ్ము చెల్లిస్తామని ఒక సంస్థ సంతకం పెట్టి ఇచ్చే హామీ అది. ప్రకటన నోటులో ఆ హామీ ఉండదు; హామీకి అలవాటుపడిన రూపం మాత్రమే ఉంటుంది. చేతికి వచ్చిన మామూలు కరపత్రాన్ని చదవకుండానే పారవేసే మనిషి సైతం నోటులా కనిపించే కాగితాన్ని వంగి తీసుకుంటాడని, తిప్పి చూస్తాడని వర్తకుడికి తెలుసు. కాబట్టి ప్రకటన నోటు మీద అచ్చయిన మొత్తానికి ఏనాడూ విలువ లేకపోయినా, ఒక కాలంలో ఒక ఊరి జనం నోటు రూపాన్ని ఎంతగా నమ్మారో, ఆ నమ్మకాన్ని ఎవరు ఏ పనికి వాడుకున్నారో చెప్పే సాక్ష్యంగా దానికి విలువ ఉంది. ఆ కాగితం మొదట ఏమిటి, తరువాత ఏమైంది, ఎప్పుడు అయింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తేలకుండా దానికి వెల కట్టడం సాధ్యం కాదు. అవి తేలిన తరువాత వెల కట్టడం పెద్ద కష్టమూ కాదు.

లండన్‌లో తొలి అంకం

ఫ్రాన్స్‌తో యుద్ధం కారణంగా బంగారు నిల్వలు తరిగిపోతుండగా, 1797 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం నోట్లకు బదులు బంగారం ఇచ్చే బాధ్యతను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తాత్కాలికంగా తప్పించింది. ఆ తాత్కాలిక ఏర్పాటు 1821 దాకా కొనసాగింది. బంగారు నాణేల కొరత తీర్చడానికి బ్యాంకు 1, 2 పౌన్ల చిన్న నోట్లను అప్పుడే తొలిసారిగా విడుదల చేసింది. అంతవరకు పెద్ద వర్తకుల చేతుల్లోనే తిరిగిన నోటు ఈ విధంగా కూలీలకూ, ఇళ్లలో పనిచేసేవారికీ, చిల్లర వ్యాపారులకూ చేరింది. తెల్లకాగితం మీద ఒకే వైపు నల్లసిరాతో అచ్చయ్యే ఆ నోటును అనుకరించడం చెక్కడం పని ఓ మోస్తరుగా తెలిసినవాడికి పెద్ద కష్టం కాదు. చదువురానివారికి మాత్రం అసలు ఏదో నకిలీ ఏదో తేల్చుకోవడం చాలా కష్టం. దొంగనోటు తయారుచేసినా, దొంగదని తెలిసి మార్చినా మరణశిక్ష విధించే చట్టం కింద 1797కూ 1821కీ మధ్య 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు.

ఈ దారుణానికి నిరసనగా 1819 జనవరిలో ప్రచురణకర్త విలియం హోన్, చిత్రకారుడు జార్జ్ క్రూక్‌షాంక్ కలిసి నోటు ఆకారంలోనే ఒక వ్యంగ్య పత్రాన్ని వెలువరించారు. అందులో వరుసగా ఉరితీసిన మనుషుల బొమ్మలు ఉంటాయి. బ్యాంకు చిహ్నమైన బ్రిటానియా దేవత తన పిల్లలను తానే మింగుతూ కనిపిస్తుంది. పౌను గుర్తు ఉరితాడు చుట్టలా మెలిక తిరిగి ఉంటుంది. కోశాధికారి సంతకం ఉండవలసిన చోట, ఇంగ్లండ్‌లో తలారులందరికీ మారుపేరుగా స్థిరపడిన జాక్ కెచ్ పేరు ఉంటుంది. చూపు పడగానే నోటు అనిపించి, మరుక్షణం నోటు కాదని తెలిసి ఉలిక్కిపడేలా చేయడంలోనే ఆ పత్రం బలం ఉంది. ఇలా నవ్వించడానికో నిలదీయడానికో నోటు రూపాన్ని వాడుకున్న కాగితాలను బ్రిటిష్ సేకర్తలు ‘స్కిట్ నోట్లు’ అని వర్గీకరిస్తారు.

అదే రూపాన్ని వర్తకులూ అందిపుచ్చుకున్నారు. ‘బ్యాంక్ ఆఫ్ ఎలిగెన్స్’, ‘బ్యాంక్ ఆఫ్ ఎన్‌గ్రేవింగ్’ వంటి కల్పిత బ్యాంకుల పేర్లతో, అసలు నోటులోని వంపుల అక్షరాలూ, మూలన పౌన్ల సంఖ్యా ఉన్న కాగితాలను క్షురకులూ, చెక్కడం పనివారూ, ఇతర వృత్తులవారూ పంచిపెట్టారు. సొమ్ము చెల్లిస్తామని ఉండవలసిన వాక్యం స్థానంలో తమ పని నాణ్యంగా చేసిపెడతామన్న మాట ఉండేది. మోసగాళ్లు ఇటువంటి కాగితాలను మడతపెట్టి, చీకట్లోనో రద్దీలోనో అసలు నోట్లుగా అంటగట్టేవారు. అటువంటి మోసానికి పనికొచ్చిన కాగితాలకు ‘ఫ్లాష్ నోట్లు’ అన్న పేరు వచ్చింది. ప్రకటనకూ మోసానికీ మధ్య ఉన్న గీత ఎంత సన్ననిదో ఈ వర్గీకరణే చెబుతుంది. రెండింటికీ కాగితం ఒకటే, అచ్చు ఒకటే. ఎదుటివారి చేతిలో దాన్ని ఏ మాటతో పెట్టారన్నదే తేడా.

అమెరికా: ఖాళీగా మిగిలిన వెనుక వైపు

ప్రకటన నోట్లు అత్యధికంగా పుట్టిన దేశం అమెరికా. 1837లో మిషిగన్‌తో మొదలై అనేక రాష్ట్రాలు నిర్ణీత షరతులు తీర్చిన ఎవరికైనా బ్యాంకు పెట్టుకునే వీలు కల్పించాయి. ప్రతి బ్యాంకూ తన పేరుతో నోట్లు అచ్చువేయించుకునేది కనుక వేలాది రకాల నోట్లు ఏకకాలంలో చలామణి అయ్యేవి. ఏ బ్యాంకు నోటు ఏ ఊరిలో ఎంత తగ్గింపుతో చెల్లుతుందో, ఏ నోట్లకు దొంగనోట్లు వచ్చాయో తెలిపే పత్రికలు దుకాణాల్లో గల్లాపెట్టె పక్కనే ఉండేవి. అటువంటి పరిస్థితిలో నోటుకు గౌరవం తెచ్చేది దాని అచ్చు నాణ్యతే కావడంతో ముద్రణ సంస్థలు ఆ కళను చాలా ఎత్తుకు తీసుకుపోయాయి. ఉక్కు పలక మీద లోతుగా చెక్కిన గీతల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితాన్ని గట్టి ఒత్తిడితో అద్దే పద్ధతిని ఇంటాగ్లియో అంటారు. ఈ పద్ధతిలో సిరా కాగితం మీద కొద్దిగా ఉబికి నిలుస్తుంది. రైలుబండ్లు, ఓడలు, కోతకోసే రైతులు, గ్రీకు దేవతలు మొదలైన చిన్న చిత్రాలను విడివిడిగా చెక్కి ఉంచుకుని, ఏ బ్యాంకు కోరినవి ఆ బ్యాంకు పలకలో చేర్చేవారు. ఈ చిన్న చిత్రాలకు వినెట్లు అని పేరు. 1858లో ఏడు సంస్థలు కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీగా ఏర్పడే నాటికి ఈ పనితనం పరాకాష్ఠకు చేరింది.

ఇంత శ్రద్ధ అంతా ముందు వైపుకే పరిమితమైంది. ఖర్చు తగ్గించుకోవడానికి అధిక శాతం రాష్ట్ర బ్యాంకు నోట్లను ఒకే వైపు అచ్చువేసేవారు. అంతర్యుద్ధం సమయంలో 1861 నుంచి కేంద్ర ఖజానా నోట్లూ, 1863 చట్టంతో జాతీయ బ్యాంకుల నోట్లూ వచ్చాయి. 1865లో చేసిన చట్టం రాష్ట్ర బ్యాంకుల నోట్ల మీద 10 శాతం పన్ను విధించడంతో వాటిని చలామణిలో ఉంచడం ఏ బ్యాంకుకూ గిట్టుబాటు కాకుండా పోయింది. సంతకం పడని, అంకె వేయని, కత్తిరించని నోట్లు కట్టలకు కట్టలుగా మిగిలిపోయాయి. వీటిని సేకర్తలు ‘రిమైండర్లు’ అంటారు. న్యూ ఆర్లియన్స్ కెనాల్ బ్యాంకు రిమైండర్లు ఇప్పటికీ కొత్తగా మెరుస్తూ విరివిగా దొరుకుతున్నాయంటే ఎంత కాగితం మిగిలిపోయిందో ఊహించవచ్చు. ముందు వైపు దేశంలోనే శ్రేష్ఠమైన చెక్కడం, వెనుక వైపు పూర్తిగా ఖాళీ, ధర దాదాపు తూకానికి: ప్రకటనదారుడికి ఇంతకంటే మంచి కాగితం దొరకదు.

అటువంటి నోటు ఒకటి చేతిలోకి తీసుకుంటే, ముందు వైపు బ్యాంకు పేరు పెద్ద నీడ అక్షరాల్లో వంపుగా సాగి ఉంటుంది. దాని కింద ఒక వినెట్, కింది అంచున క్యాషియరూ ప్రెసిడెంటూ సంతకాలు చేయవలసిన రెండు ఖాళీ గీతలు ఉంటాయి. వెనక్కి తిప్పితే, ఆ ఊరి చిన్న అచ్చుయంత్రం మీద సీసపు అక్షరాలు కూర్చి వేసిన ప్రకటన కనిపిస్తుంది. ఇటువంటి లెటర్‌ప్రెస్ అచ్చులో అక్షరం కాగితంలోకి దిగబడుతుంది కనుక వేలితో తడిమితే గుంటలు తెలుస్తాయి. ఒకే కాగితంలో ఒక వైపు సిరా ఉబికి, మరొక వైపు అక్షరం దిగబడి ఉండటమే రిమైండరు మీద వేసిన అసలైన ప్రకటనకు ప్రధాన లక్షణం. బూట్లు, టోపీలు, కిరాణా, ఫోటో స్టూడియోలు, పేటెంటు మందులు – ఆ కాలపు బజారు మొత్తం ఈ వెనుక వైపున నిలిచి ఉంది. ఆ దుకాణాల్లో చాలా వాటి గురించి ఇక ఏ ఆనవాలూ మిగలకపోవడం వల్ల స్థానిక చరిత్రకారులకు ఈ కాగితాలు అపురూపమైనవి.

వీటికి దగ్గర చుట్టమైన మరొక రకాన్ని ‘కాలేజీ కరెన్సీ’ అంటారు. వ్యాపార విద్య నేర్పే కళాశాలలు, ముఖ్యంగా అనేక నగరాల్లో శాఖలున్న బ్రయంట్ అండ్ స్ట్రాటన్ కళాశాలలూ, పొకీప్సీ పట్టణంలోని ఈస్ట్‌మన్ కళాశాలా, విద్యార్థులు జమాఖర్చులు రాయడం, బ్యాంకు లావాదేవీలు నడపడం సాధన చేసేందుకు సొంత నోట్లు అచ్చువేయించేవి. పాఠానికి పుట్టిన ఈ నోట్లు బయటి జనం చేతుల్లో కళాశాలకు ప్రచారంగానూ పనిచేశాయి. ప్రత్యేకించి వీటినే సేకరించేవారు ఉన్నారు, వీటికి విడిగా పట్టికలూ ఉన్నాయి.

ఫిలడెల్ఫియా స్టేషనరీ వర్తకుడు

ప్రకటన నోటుకూ దొంగనోటుకూ మధ్య గీత ఎంత సులభంగా చెరిగిపోతుందో శామ్యూల్ అప్‌హామ్ ఉదంతం కంటే స్పష్టంగా చూపేది మరొకటి లేదు. ఫిలడెల్ఫియాలో చెస్ట్‌నట్ వీధి 403 నంబరులో కాగితాలు, పత్రికలు, అత్తరులు అమ్ముకునే ఈ వర్తకుడు, 1862 ఫిబ్రవరి 24న ‘ఫిలడెల్ఫియా ఇంక్వైరర్’ పత్రిక మొదటి పుటలో దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల 5 డాలర్ల నోటు ప్రతిరూపాన్ని చూశాడు. ఆ పత్రికను జనం ఎగబడి కొంటున్నది ఆ నోటు బొమ్మ కోసమేనని గ్రహించి, పత్రిక నుంచి ముద్రణ పలకను సంపాదించి, నోటు నకళ్లను విడిగా అచ్చువేసి యుద్ధ జ్ఞాపికలుగా అమ్మడం మొదలుపెట్టాడు. ప్రతి నకలు కింది అంచులోనూ అది నకలని తెలిపే మాటతో పాటు తన పేరూ చిరునామా అచ్చువేయించాడు. ఆ ఒక్క పంక్తి చట్టానికి రక్షణగానూ, దుకాణానికి ప్రకటనగానూ పనిచేసింది.

దక్షిణాది పత్తిని దొంగచాటుగా కొనే వ్యాపారులు ఆ పంక్తి ఉన్న అంచును కత్తిరించివేసి, నకళ్లను అసలు నోట్లుగా చెల్లించారు. దక్షిణాది ప్రభుత్వం దొంగనోట్లకు మరణశిక్ష విధించే చట్టం చేసినా వరద ఆగలేదు. 1863 ఆగస్టు నాటికి తాను 15 లక్షలకు పైగా నోట్లు అచ్చువేసినట్టు అప్‌హామ్ తరువాతి కాలంలో స్వయంగా చెప్పుకున్నాడు. దక్షిణాది నోటు విలువ పడిపోవడానికి యుద్ధవ్యయం, మితిమీరిన ముద్రణ ప్రధాన కారణాలైనా, అసలే బలహీనపడిన నమ్మకాన్ని ఇటువంటి నకళ్లు మరింత దెబ్బతీశాయి. సేకర్తల దృష్టిలో అప్‌హామ్ నకళ్లలో అంచు పంక్తి చెక్కుచెదరకుండా ఉన్న ప్రతికే ఎక్కువ గిరాకీ. అంచు కోసిన ప్రతి మోసానికి సిద్ధపడిన కాగితమై ఉండవచ్చు. అంచు ఉన్న ప్రతి మాత్రం తన పుట్టుకను తానే చెప్పుకుంటుంది.

యుద్ధం ముగిసిన తరువాత దక్షిణాది నోట్లు పూర్తిగా చెల్లని కాగితాలయ్యాయి. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో మాజీ సైనికుల సమావేశాల సందర్భంగా వర్తకులు అసలు నోట్ల వెనుకా, కొత్తగా వేయించిన నకళ్ల వెనుకా ప్రకటనలు అచ్చువేసి పంచారు. ఇరవయ్యో శతాబ్దిలో ఆ నకళ్లు పిల్లల వస్తువులతో పాటు వచ్చాయి. 1962లో టాప్స్ కంపెనీ అంతర్యుద్ధ చిత్రాల కార్డులతో, బబుల్‌గమ్‌తో కలిపి ఇచ్చిన దక్షిణాది నోట్ల నకళ్లు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. ఈ మూడు తరాల కాగితాలు నేడు ఒకే పాత పెట్టెలో కలిసి బయటపడతాయి కనుకనే గుర్తింపు అవసరమైంది.

ఇటువంటి అనుభవాల ఫలితంగా అమెరికా చట్టం ప్రభుత్వ నోటును పోలిన వ్యాపార ప్రకటనలు ముద్రించడాన్నీ, అసలు నోటు మీద ప్రకటన అచ్చువేయడాన్నీ నిషేధించింది. నాణేలు, నోట్ల నకళ్ల మీద అవి నకళ్లని తెలిపే మాట విధిగా ఉండాలని 1973 నాటి మరో చట్టం ఆదేశించింది. అందువల్ల ఆ మాట స్పష్టంగా ఉన్న నకళ్లు చాలావరకు ఈ చట్టం తరువాతివే. ఆ మాట లేనంత మాత్రాన కాగితం పాతదని మాత్రం చెప్పలేం.

జర్మనీలో 1923

చెల్లని నోటు మీద ప్రకటన వేసే పని ఇంత భారీగా మళ్లీ జరిగింది జర్మనీలోనే. మొదటి ప్రపంచ యుద్ధానంతర ద్రవ్యోల్బణం 1923లో అదుపు తప్పి, ఆ ఏడాది నవంబరులో రెంటెన్‌మార్క్ వచ్చేసరికి ఒక్క కొత్త మార్కుకు లక్ష కోట్ల పాత కాగితపు మార్కులు సమానమయ్యాయి. ముద్రణాలయాలకు వేళ చాలక అనేక నోట్లను ఒకే వైపు అచ్చువేశారు. నిన్నటి జీతం ఈనాటి చిత్తుకాగితమైనప్పుడు దుకాణదారులు ఆ ఖాళీ వైపున తమ పేర్లు ముద్రించుకున్నారు. రాజకీయ పక్షాలు తమ విద్వేష ప్రచారాన్నీ అదే నోట్ల మీదకు ఎక్కించాయి. 2009లో జింబాబ్వే డాలరు కుప్పకూలినప్పుడు ‘ది జింబాబ్వియన్’ పత్రిక ఆ నోట్ల మీదే ప్రకటనలు ముద్రించి గోడలకు అతికించడం ఈ సంప్రదాయానికి ఇటీవలి కొనసాగింపు. అమెరికాలోనూ జర్మనీలోనూ జింబాబ్వేలోనూ క్రమం ఒక్కటే: నోటులోని హామీ ముందు చస్తుంది, రూపం మీద జనానికున్న చూపు మాత్రం మిగులుతుంది, ప్రకటన ఆ చూపును పట్టుకుంటుంది.

గుర్తించే పద్ధతి

చేతికి వచ్చిన కాగితాన్ని పరిశీలించేటప్పుడు మొదట తేల్చవలసింది అది మూడింటిలో ఏ జాతికి చెందుతుందన్నది: అసలు నోటు లేదా రిమైండరు మీద తరువాత వేసిన ప్రకటన, పుట్టుకతోనే ప్రకటనగా, నోటును పోలి తయారైన కాగితం, ఈ రెండింటికీ తరువాతి కాలంలో వేసిన నకలు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మంచి వెలుతురు, అతినీలలోహిత దీపం ఉంటే ఈ పని చాలావరకు ఇంట్లోనే పూర్తవుతుంది.

భూతద్దం కింద ఇంటాగ్లియో గీతలు పదునుగా, ఎడతెగకుండా, సిరా ఉబ్బుతో కనిపిస్తాయి. రాతి పలక మీద జిడ్డు సిరాతో గీసి అద్దే లితోగ్రఫీ, అంటే శిలాముద్రణ, చదునుగా ఉంటుంది. గీతల అంచులు కొంచెం మెత్తబడతాయి. బొమ్మ అంతా సన్నని చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ఫోటోను చుక్కల తెర ద్వారా అచ్చుకు మార్చే హాఫ్‌టోన్ పద్ధతి. ఆ పద్ధతి వాణిజ్య ముద్రణలో 1880ల తరువాతే వ్యాపించింది కనుక 1840 తేదీ ఉన్న నోటు ముందు వైపు చుక్కలు కనిపిస్తే ఆ తేదీని నమ్మవలసిన పని లేదు.

సంతకాలు మరొక గట్టి ఆధారం. దక్షిణాది ప్రభుత్వం డాలరు మొదలుకొని పై మొత్తాల నోట్లన్నింటి మీదా చేత్తో సంతకం చేయించి, అంకెలను సైతం చేత్తో వేయించింది. అచ్చు సంతకాలు 50 సెంట్ల నోట్లకు మాత్రమే పరిమితం. ఆనాటి ఇనుప సిరా కాలక్రమంలో గోధుమ రంగుకు తిరుగుతుంది, కలం ఒత్తిన చోట ముదురుగా, తేలిన చోట పలుచగా ఉంటుంది, వెనుక వైపు లీలగా కనిపిస్తుంది. సంతకాలూ అంకెలూ చుట్టూ ఉన్న అచ్చుతో ఒకే రంగులో, ఒకే చదునుగా ఉంటే అది నకలు.

కాగితం కూడా వయస్సు చెబుతుంది. పాత నోట్ల కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసినది. పలుచగా ఉన్నా గట్టిగా, వంచితే తిరిగి లేచేలా ఉంటుంది. పాతదిగా కనిపించాలని గోధుమ రంగులో ముంచి, పెళుసుగా, ముడతలు పడేలా చేసిన కాగితం చాలా సందర్భాల్లో గత శతాబ్ది జ్ఞాపికల కాగితం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం పెరిగింది. అవి అతినీలలోహిత వెలుగులో నీలి తెలుపు కాంతితో వెలుగుతాయి, గుడ్డ కాగితం ఆ విధంగా వెలగదు.

ఈ సందర్భంలో ప్రతి సేకర్తా తెలుసుకోవలసిన ఒక కాగితం ఉంది. ఫిలడెల్ఫియాలోని బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ పేరుతో 1840 డిసెంబరు 15 తేదీతో 1000 డాలర్ల నోటు ఒకటి తరచుగా బయటపడుతుంది. తాతల పెట్టెలోనో పాత పుస్తకంలోనో అది దొరికినవారు పెద్ద నిధి దొరికిందని సంబరపడతారు. దాని వరుస సంఖ్య 8894 అయితే అది అసలు నోటు నుంచి గోధుమ రంగు కాగితం మీద లెక్కలేనన్ని ప్రతులుగా దింపిన నకలు. ప్రతి ప్రతి మీదా అదే సంఖ్య ఉంటుంది. చేత్తో సంఖ్య వేసే కాలంలో అన్ని నోట్లకూ ఒకే సంఖ్య ఉండటం అసాధ్యమన్న చిన్న తర్కమే ఇక్కడ మొత్తం వివాదాన్ని తేల్చివేస్తుంది.

ముందు వైపు నిజమైనదని తేలిన తరువాత వెనుక ప్రకటన ఎప్పటిదో చూడాలి. నోటు మీది తేదీ ప్రకటన తేదీ కాదు. టెలిఫోను నంబరు ఉన్న ప్రకటన 1870ల చివరికి ముందుది కాజాలదు. ఐదంకెల అమెరికన్ పోస్టల్ కోడ్ ఉంటే 1963కు తరువాతిదే. దుకాణం పేరునూ వీధి సంఖ్యనూ ఆ నగరపు పాత చిరునామా పుస్తకాల్లో వెతికితే ఆ వర్తకుడు ఏ ఏళ్లలో ఆ చోట ఉన్నాడో బయటపడుతుంది. అంచులో ముద్రాపకుడి పేరు ఉంటే అతని కాలం మరొక హద్దును ఇస్తుంది. ఈ రెండు హద్దుల మధ్యే కాగితం పుట్టిన కాలం ఉంటుంది.

చివరి పరీక్ష మడత దగ్గర చేయాలి. చౌకగా దొరికే నిజమైన జర్మన్ నోట్ల మీద ఈ మధ్యకాలంలో రబ్బరు ముద్రతోనో కంప్యూటరు ప్రింటరుతోనో ప్రకటనలూ, ముఖ్యంగా విద్వేష నినాదాలూ వేసి ఎక్కువ ధరకు అమ్మేవారు ఉన్నారు. అక్షరం ఒక పాత మడతను దాటి పోయే చోట భూతద్దం పెట్టి చూస్తే, అచ్చు ముందు పడి మడత తరువాత పడినప్పుడు సిరా మడత మీద పగిలి, పొరలు లేచి, లోపలి తెల్లని నారలు కనిపిస్తాయి. మడత ముందు పడి అచ్చు తరువాత వేసినప్పుడు విరిగిన నారల్లోకి సిరా పీల్చుకుని మడత గీత వెంట పాకి ఉంటుంది. బాగా నలిగిన నోటు మీద ఏ మడత దగ్గరా చెదరని ప్రకటన ఉంటే అనుమానించడమే సరైన పని.

విలువ కట్టే పద్ధతి

గుర్తింపు ఇంతవరకు వచ్చిన తరువాత విలువను నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి. మొదటిది కింద ఉన్న నోటు. విరివిగా దొరికే రిమైండరు మీద మంచి ప్రకటన పడితే కాగితం విలువ పెరుగుతుంది. అరుదైన బ్యాంకు నోటు మీద ప్రకటన పడితే, నోటునే సేకరించేవారు దాన్ని పాడైన నోటుగా చూసి తక్కువ ఇవ్వవచ్చు, ప్రకటనలు సేకరించేవారు ఎక్కువ ఇవ్వవచ్చు. ఏ రకం కొనుగోలుదారు ముందు ఉంచుతున్నామన్నది ఇక్కడ ముఖ్యం.

రెండోది ఊరూ వృత్తీ. ఫోటోగ్రాఫర్లు, సర్కసులు, రైల్వేలు, మందుల కంపెనీల ప్రకటనలకు ఆయా రంగాల చరిత్ర సేకరించేవారి నుంచి అదనపు గిరాకీ ఉంటుంది. చిన్న పట్టణం పేరు ఉన్న కాగితాన్ని ఆ పట్టణం వారు పోటీపడి కొంటారు. మూడోది అరుదుతనం. ఇందుకు అందరూ ఆశ్రయించే ఆధారం రాబర్ట్ వ్లాక్ 2001లో ప్రచురించిన ఉత్తర అమెరికా తొలినాటి ప్రకటన నోట్ల సచిత్ర పట్టిక. అందులో లేని కాగితం దొరికినంత మాత్రాన అది అమూల్యమని అర్థం కాదు గానీ, నిపుణుల దృష్టికి తీసుకుపోవలసినదని మాత్రం అర్థం. నాలుగోది స్థితి: మడతలు, చిరుగులు, మరకలు, కత్తిరించిన అంచులు, ఆల్బంలో జిగురుతో అతికించిన గుర్తులు. నోట్ల స్థితిని 70 వరకు ఉండే కొలమానం మీద అంచనా వేసే సంస్థలు ఉన్నాయి. సామాన్యమైన కాగితానికి ఆ రుసుము దాని వెలనే మించిపోతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు నిజమైన ప్రకటన నోట్లలో సామాన్యమైనవి కొన్ని పదుల డాలర్లకూ, అరుదైనవి వందల డాలర్లకూ చేతులు మారతాయి. గత శతాబ్ది జ్ఞాపికల నకళ్లకు నామమాత్రపు ధరే. అమ్మకందారు అడిగిన ధర కంటే వేలంలో నిజంగా పలికిన ధరకే ప్రామాణికత ఉంది. కాగితాన్ని కడగడం, ఇస్త్రీ చేయడం, సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం వల్ల విలువ శాశ్వతంగా పోతుంది. మెత్తని పీవీసీ కవర్లు కాలక్రమంలో రసాయనాలు వదిలి కాగితాన్ని పాడుచేస్తాయి కనుక గట్టి పాలిస్టర్ కవరులో, ఎండా తేమా తగలని చోట ఉంచాలి.

భారతదేశంలో

భారతదేశంలో 1943లో శిక్షాస్మృతికి చేర్చిన 489-ఇ సెక్షను, నోటును పోలిన ఏ పత్రాన్నైనా తయారుచేయడాన్నీ వాడటాన్నీ నేరంగా పేర్కొని 100 రూపాయల దాకా జరిమానా విధించింది. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నేరం 182వ సెక్షను కింద 300 రూపాయల దాకా జరిమానాతో కొనసాగుతోంది. దొంగనోట్ల నేరానికి యావజ్జీవం దాకా శిక్ష ఉండగా దీనికి జరిమానా మాత్రమే ఉండటం, చట్టం ఈ కాగితాలను మోసంగా కాక మోసానికి తెరిచిన తలుపుగా చూస్తుందని తెలుపుతుంది. అసలు నోటు మీద రాజకీయ, మత సందేశాలు గానీ, ఒక వ్యక్తికో సంస్థకో ప్రయోజనం కలిగించే రాతలు గానీ ఉంటే ఆ నోటుకు బదులు సొమ్ము ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు 2009 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అంటే వెనుక వైపు ప్రకటన వేసిన పాత అమెరికన్ పద్ధతి ఇక్కడ నోటు విలువనే హరిస్తుంది.

తెలుగు పాఠకులకు బాగా దగ్గరైన ఉదాహరణ సున్నా రూపాయల నోటు. చెన్నై కేంద్రంగా పనిచేసే ఫిఫ్త్ పిల్లర్ అనే స్వచ్ఛంద సంస్థ 2007లో తమిళనాడులో ప్రారంభించిన ఈ నోటును తరువాత తెలుగుతో సహా ఇతర భాషల్లోనూ ముద్రించారు. గాంధీ బొమ్మతో పాత 50 రూపాయల నోటును తలపించే ఈ కాగితం మీద, సొమ్ము చెల్లిస్తామన్న వాక్యం స్థానంలో, లంచం ఇవ్వను, తీసుకోను అన్న ప్రతిజ్ఞ ఉంటుంది. లంచం అడిగిన ఉద్యోగి చేతిలో పౌరుడు దాన్ని పెట్టాలన్నది ఉద్దేశం. సరుకు అమ్మడం కాక అవినీతిని నిలదీయడం దీని పని కనుక, దీనికి అసలైన పూర్వరూపం వర్తకుల ప్రకటనల్లో కాక, 1819లో లండన్‌లో హోన్, క్రూక్‌షాంక్ వెలువరించిన నిరసన పత్రంలో ఉంది. వంద ఏళ్ల తరువాతి సేకర్త దీన్ని వర్గీకరించేటప్పుడు ఏ భాషలో ఉంది, ఏ ముద్రణలోది, నిజంగా ఒక కార్యాలయంలో చేతులు మారిందా అన్న ప్రశ్నలు వేస్తాడు. ఈనాడు వాటిని భద్రపరిచేవారు ఆ వివరాలను పక్కనే రాసి ఉంచడం భావి చరిత్రకు చేసే మేలు.

నాణేల, నోట్ల చరిత్రలు ఎక్కువగా ప్రభుత్వాలూ బ్యాంకులూ చెల్లిస్తామన్న మాట చుట్టూ తిరుగుతాయి. ప్రకటన నోట్లు అదే చరిత్రను అవతలి వైపు నుంచి, ఆ మాటను అరువు తెచ్చుకున్న చిన్న వర్తకుల వైపు నుంచి చూపిస్తాయి. వాటిని దొంగనోట్లతో కలిపి చించివేయడమూ, నిధులని భ్రమపడి అమ్మజూపడమూ రెండూ పొరపాట్లే. పేరు, ఊరు, అచ్చు, కాగితం, మడత – వీటిని వరుసగా చదివి, దొరికిన చోటుతో సహా నమోదు చేసి ఉంచినప్పుడే అవి చరిత్రకు పనికివచ్చే పత్రాలవుతాయి.

వచ్చే భాగంలో జర్మనీ పట్టణాలు, గనులు, కర్మాగారాలు 1914 నుంచి 1924 వరకు సొంతంగా అచ్చువేసుకున్న ‘నోట్‌గెల్డ్’ అనే అత్యవసర నోట్ల వ్యవస్థ ఎలా పుట్టిందో, సేకర్తల కోసమే నోట్లు అచ్చువేసే స్థితికి అది ఎలా చేరిందో చూడవచ్చు.